సర్కారు బడి ఎవరి చేతిలో ఉంది? విశాఖలో పిల్లల్ని చదివిస్తున్నవాళ్లకి

తరగతి గది పైకప్పు పెచ్చులూడుతోంది. లెక్కల టీచరు బదిలీ మీద వెళ్లిపోయారు, ఆ పోస్టు ఇంకా ఖాళీ. మధ్యాహ్నం పప్పు నీళ్లలా ఉంటోందని పిల్ల ఇంటి నుంచి క్యారేజీ కట్టమంటోంది. ఈ మూడూ ఒకే బడిలో ఒకే వారంలో వచ్చే గొడవలే, కానీ మూడింటికీ ఎక్కాల్సిన గుమ్మాలు మాత్రం మూడు. మనం ఏం చేస్తామంటే మూడూ కలిపి హెడ్మాస్టరు గారి నెత్తిన వేస్తాం, ఆయన "పైకి రాశామండీ" అంటారు. లేదంటే ఎమ్మెల్యే గారు ఏదో శంకుస్థాపనకి వచ్చినప్పుడు చుట్టూ మూగి గట్టిగా చెప్తాం, పక్కనున్న పీఏ తల ఊపుతాడు. అయిపోయింది. నోటితో అందరికీ చెప్తాం, కాగితం మాత్రం ఎవరికీ ఇవ్వం.

సర్కారు బడిని నడిపే వ్యవస్థ ఒకటుంది, అందులో తల్లిదండ్రులకి చట్టమే ఓ కుర్చీ వేసి పెట్టింది. ఆ కుర్చీ ఎలా దొరుకుతుంది, దొరికాక ఏం చేయొచ్చు, ఏది మన చేతిలో లేదు అన్నదే ఇక్కడ రాస్తున్నా. ప్రైవేటు స్కూళ్లలో చదివిస్తున్నవాళ్లకి ఇది పెద్దగా పనికిరాదు, ఎందుకంటే ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడులకి ఈ కమిటీ నిబంధనే లేదు.

ముందు గేటు మీద బోర్డు చదవండి

"గవర్నమెంట్ స్కూలు" అని ఒక్క మాటలో అనేస్తాం గానీ విశాఖలో ఆ మాట కింద నాలుగు రకాల బడులున్నాయి. నేరుగా రాష్ట్ర ప్రభుత్వానివి కొన్ని, వన్‌టౌన్‌లో క్వీన్ మేరీ బాలికల హైస్కూలు లాంటివి. నగరపాలక సంస్థవి, అంటే జీవీఎంసీవి కొన్ని, నగరంలో ఎక్కువ ఇవే కనిపిస్తాయి. జిల్లా పరిషత్ హైస్కూళ్లు, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలు మిగతావి. భీమిలి, ఆనందపురం, పద్మనాభం వైపు ఊళ్లలో జెడ్పీ, ఎంపీపీ బడులుంటాయంటే అర్థముంది, కానీ నగరం మధ్యలో కూడా ఉంటాయి. మధురవాడలో చంద్రంపాలెం హైస్కూలు చూడండి, చుట్టూ అపార్టుమెంట్లు లేచిపోయి ఐటీ సెజ్ పక్కకొచ్చేసినా బోర్డు మీద ఇప్పటికీ జిల్లా పరిషత్తే. ఊరు నగరంలో కలిసిపోయినంత తేలిగ్గా బడి యాజమాన్యం మారదన్నమాట.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, భవనం ఎవరిదో దాన్నిబట్టే రిపేరు ఎవరిని అడగాలో తేలుతుంది. జీవీఎంసీ బడుల సంగతి ఇంకాస్త తిరకాసు. 2022లో మున్సిపల్ బడుల పర్యవేక్షణనీ, టీచర్ల వ్యవహారాలనీ పాఠశాల విద్యాశాఖకి అప్పగించారు, ఆస్తులు మాత్రం మున్సిపాలిటీల దగ్గరే ఉండిపోయాయి. అంటే టీచరు సెలవు మీద సెలవు పెడుతుంటే మండల విద్యాశాఖాధికారి (ఎంఈవో) ఆఫీసు, గోడ పగిలితే జీవీఎంసీ జోనల్ ఆఫీసు. ఒకే బడికి ఇద్దరు యజమానులు, మధ్యలో హెచ్‌ఎం. చాలా ఫైళ్లు ఈ రెండు ఆఫీసుల మధ్యే "మాది కాదు, వాళ్లది" అంటూ తిరుగుతుంటాయి.

ఇంకో మెలిక ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాని మూడు ముక్కలు చేశాక విశాఖపట్నం జిల్లాకి 11 మండలాలే మిగిలాయి. అనకాపల్లి పట్టణం జీవీఎంసీలోనే ఉంది, జిల్లా మాత్రం వేరు. కాబట్టి అక్కడి కార్పొరేషన్ బడికి గోడ సంగతి విశాఖలో, టీచరు సంగతి అనకాపల్లి జిల్లా విద్యాశాఖాధికారి (డీఈవో) దగ్గర. జెడ్పీ ఏమో జిల్లాలు విడిపోయినా ఉమ్మడి జిల్లాకి ఒకటిగానే కొనసాగింది. మ్యాపు గీసినవాళ్లకి కూడా గుర్తుండదేమో ఇదంతా.

బోర్డు మీద రంగు వెలిసిపోయి ఏమీ కనపడకపోతే యూడైస్ కోడ్ అడగండి. దేశంలో ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది, ఆంధ్రా బడులవి 28తో మొదలవుతాయి. ఆ కోడ్ కొడితే యూడైస్ ప్లస్ సైట్‌లో బడి రిపోర్ట్ కార్డు వస్తుంది: యాజమాన్యం ఎవరిది, టీచర్లు ఎంతమంది, పిల్లలు ఎంతమంది, మరుగుదొడ్లు ఎన్ని. కళ్లెదుట రెండు మరుగుదొడ్లుంటే కాగితం మీద ఆరు కనిపించవచ్చు. ఆ పేజీ ఒక ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి, తర్వాత అక్కరకొస్తుంది.

పై మెట్లు గబగబా చెప్పేస్తా. ప్రాథమిక, ప్రాథమికోన్నత బడుల మీద ఎంఈవో. ఇప్పుడు ఎంఈవో-1, ఎంఈవో-2 అని ఇద్దరుంటున్నారు, మీ ఫైలు ఎవరి దగ్గరకెళ్తుందో ముందే కనుక్కోండి. హైస్కూళ్ల తనిఖీ డిప్యూటీ డీఈవోది. జిల్లా మొత్తానికి డీఈవో, ఆయన పైన కొన్ని జిల్లాలకి కలిపి ప్రాంతీయ సంయుక్త సంచాలకులు (ఆర్జేడీ), ఆపైన రాష్ట్ర స్థాయిలో పాఠశాల విద్యాశాఖ డైరెక్టరు. గ్రాంట్లు, సివిల్ పనులు చూసే సమగ్ర శిక్ష మాత్రం పక్కన విడిగా ఉంటుంది, జిల్లాలో దానికి అదనపు ప్రాజెక్టు కోఆర్డినేటరు, అందరూ ఏపీసీ అంటారు. ఇన్ని కుర్చీల్లో తల్లిదండ్రులది ఒక్కటి కూడా లేదు. మన కుర్చీ బడిలోనే ఉంది.

కమిటీ అంటే ఎవరు, ఎలా ఎన్నుకుంటారు

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సర్కారు బడికీ పాఠశాల యాజమాన్య కమిటీ ఉండాలి. ఎస్‌ఎంసీ అన్నా, తల్లిదండ్రుల కమిటీ అన్నా అదే. సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి, మొత్తం మీద సగం మంది ఆడవాళ్లుండాలి.

మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటారు. ఒకటి నుంచి అయిదు దాకా ఉన్న బడికి 15 మంది, ఆరు నుంచి పది దాకా ఉన్న హైస్కూలుకీ 15 మందే. ముగ్గురిలో ఇద్దరు మహిళలు. ఎస్సీ, ఎస్టీ, అనాథ, వికలాంగ పిల్లల కుటుంబాల నుంచి ఒకరు, బీసీ, మైనారిటీ లాంటి బలహీన వర్గాల నుంచి ఒకరు ఉండేలా చూస్తారు. తరగతిలో మరీ ఆరుగురు కూడా లేకపోతే పక్క తరగతితో కలిపేస్తారు. అలా ఎన్నికైన తల్లిదండ్రుల్లోంచే చైర్‌పర్సన్, వైస్ చైర్‌పర్సన్. వాళ్లిద్దరిలో కనీసం ఒకరు మహిళ అయి ఉండాలి. హెడ్మాస్టరు సభ్య కన్వీనరు, అంటే మీటింగు పిలవాల్సింది, పుస్తకం రాయాల్సింది ఆయనే, అధ్యక్షత మాత్రం ఆయనది కాదు. ఇంకో టీచరు, వార్డు కార్పొరేటరు, అంగన్‌వాడీ కార్యకర్త, ఏఎన్‌ఎం, మహిళా సమాఖ్య అధ్యక్షురాలు హోదా రీత్యా వస్తారు. పూర్వ విద్యార్థో, దాతో, చదువు మీద ఆసక్తి ఉన్న పెద్దమనిషో ఇద్దరిని కమిటీయే చేర్చుకోవచ్చు. మేయరుగారు కూడా కావాలంటే ఏ బడి మీటింగుకైనా రావచ్చు. వచ్చినట్టు నేనైతే వినలేదు.

పదవీకాలం రెండేళ్లు. రాష్ట్రమంతా కమిటీ ఎన్నికలు 2024 ఆగస్టు 8న జరిగాయి. ఎన్నిక ఎలా ఉంటుందో చూడనివాళ్లకి చెప్తున్నా: నోటీసు బోర్డు మీద తరగతివారీగా ఓటర్ల జాబితా అంటిస్తారు. అమ్మా నాన్నల్లో ఒక్కరికే ఓటు. ఆ రోజు తరగతి గదిలో పిల్లల బెంచీల్లో మోకాళ్లు పట్టక పక్కకి తిరిగి కూర్చుంటాం, టీచరు పేరు చదువుతారు, చేతులెత్తాలి, అంతే. తల్లిదండ్రుల్లో సగం మంది రాకపోతే కోరం లేదని వాయిదా వేస్తారు. గాజువాక, పెదగంట్యాడ లాంటి చోట్ల షిఫ్టు డ్యూటీల వల్ల మగవాళ్లు రాలేరు, ఆడవాళ్లు పనిలోంచి పూట సెలవు పెట్టుకుని రావాలి, ఆ పూట కూలి పోతుంది. అందుకే చాలా బడుల్లో ముందురోజు రాత్రే ఎవరో నాయకుడింట్లో పేర్లు ఖాయమైపోతాయి, మర్నాడు చేతులెత్తడం లాంఛనం. పార్టీ గుర్తుల్లేని ఎన్నికే గానీ పార్టీలు లేని ఎన్నిక అనుకుంటే అమాయకత్వం.

మీరు నిలబడదామనుకుంటే చేయాల్సింది చాలా చిన్న పని. జాబితా అంటించిన రోజే వెళ్లి మీ పేరు, పిల్ల పేరు, తరగతి సరిగ్గా ఉన్నాయో చూసుకోండి, తప్పుంటే అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వండి. మీ తరగతి పిల్లల ఇళ్లలో ఓ పదిమంది తల్లులతో "నేను నిలబడుతున్నా, ఆ పూట రండి" అని చెప్పుకోండి. తరగతిలో ముప్ఫైమంది ఉంటే పదిహేను మంది వస్తే గొప్ప, అందులో పది చేతులు లేస్తే మీరు గెలిచినట్టే. పంచాయతీ వార్డు మెంబరు ఎన్నిక ఇంతకంటే కష్టం. కమిటీలో ఉన్నవాళ్ల పిల్ల టీసీ తీసుకుని వెళ్లిపోతే ఆ సభ్యత్వం పోతుంది. అలా ఖాళీ అయిన చోటుని మిగిలిన కాలానికి భర్తీ చేయాలి. అయిదో తరగతి పిల్లలు ఏటా వెళ్లిపోతారు కాబట్టి ఖాళీలు ఏటా వస్తూనే ఉంటాయి. అడిగేవాళ్లు లేక అవి అలాగే ఉండిపోతాయి. జూన్‌లో బడి తెరిచిన వారంలో వెళ్లి అడగండి.

ఏం చేయొచ్చు, ఏం చేయలేం

అమెరికాలో పిల్లలున్నవాళ్లు అక్కడి స్కూల్ బోర్డు గురించి గొప్పగా చెప్తుంటారు. అది వేరే సంగతి. అక్కడ బోర్డుని ఊళ్లో ఓటర్లందరూ ఎన్నుకుంటారు, ఆ బోర్డు ఆ ప్రాంతంలో బడులన్నిటికీ కలిపి సూపరింటెండెంటుని నియమిస్తుంది, బడ్జెట్ పాస్ చేస్తుంది, చాలా చోట్ల ఇంటి పన్నులో బడి వాటా ఎంతో తేల్చడంలో కూడా దాని చేయి ఉంటుంది. మన కమిటీ ఒక్క బడికే. పన్ను వేయలేదు, టీచరుని తీసుకోలేదు, తీసేయలేదు, సిలబస్ మార్చలేదు. టీచర్లని డీఎస్సీ ద్వారా రాష్ట్రం తీసుకుంటుంది (2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు), ఎస్‌జీటీలకీ (చిన్న తరగతుల టీచర్లు) స్కూల్ అసిస్టెంట్లకీ (పై తరగతుల సబ్జెక్టు టీచర్లు) నియామకాధికారి డీఈవో. "ఈ మాస్టారుని మార్చేయండి" అని కమిటీలో తీర్మానం చేసి చప్పట్లు కొట్టుకుంటే లాభం లేదు.

చేయగలిగింది మాత్రం తక్కువేం కాదు. బడి పనితీరు చూడటం, అభివృద్ధి ప్రణాళిక రాయడం, ప్రభుత్వం నుంచీ స్థానిక సంస్థ నుంచీ మరెక్కడి నుంచైనా వచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూడటం, ఈ మూడూ చట్టంలోనే ఉన్నాయి. వీటికింద టీచర్ల హాజరు, మధ్యాహ్న భోజనం, బడి మానేసిన పిల్లలు, టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకుండా చూడటం ఇవన్నీ వస్తాయి. సర్కారు బడులు బాగుచేయడానికి 2019లో మొదలైన నాడు-నేడు పథకంలో అయితే పనులు కాంట్రాక్టర్లకి కాకుండా తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగానే చేయించారు. సిమెంటు, ఇసుక, టైల్సు లెక్కలు చూసిన తల్లులు మన విశాఖలోనే బోలెడుమంది ఉన్నారు. డబ్బు చేతికొస్తే కమిటీ ఎంత పనిచేయగలదో అప్పుడు తేలింది, సంతకాలు మాత్రమే పెట్టి ఊరుకుంటే ఏమవుతుందో కూడా అప్పుడే తేలింది.

అసలు ఆయుధం తీర్మానాల పుస్తకం

నా దృష్టిలో కమిటీ బలం మొత్తం ఓ రూళ్ల పుస్తకంలో ఉంది. పుస్తకంలో లేని మాట ఆఫీసులో లేనట్టే. మెగా పేరెంట్ టీచర్ మీటింగులు 2024 డిసెంబరు నుంచి పెద్ద ఎత్తున జరుగుతున్నాయి, రంగవల్లులు, ఆటలు, భోజనాలు, బాగుంటాయి, కానీ అది కమిటీ మీటింగు కాదు. అక్కడ మైకులో చెప్పిన సమస్యని మళ్లీ కమిటీలో తీర్మానంగా రాయించాలి.

మీటింగుకి ముందు ఎజెండా రాతపూర్వకంగా అడగండి, వాట్సాప్‌లో వచ్చినా చాలు. మీటింగులో మాట్లాడింది అప్పటికప్పుడే పుస్తకంలో రాయించండి, చదివి వినిపించమనండి, ఆ తర్వాతే సంతకం. ఖాళీ పేజీ మీద "ఇక్కడ ఓ సంతకం పెట్టండమ్మా, తర్వాత రాసుకుంటాం" అంటే మర్యాదగానే కుదరదనండి. ఇది హెచ్‌ఎం మీద అనుమానం కాదు, ఆయనకీ రక్షణే. చదువు రాని తల్లి వేలిముద్ర వేస్తుంటే ఎవరైనా ఆ పేజీ చదివి వినిపించాలి, ఈ ఒక్క అలవాటుతో మీటింగు నడకే మారిపోతుంది.

తీర్మానంలో నాలుగు సంగతులుండాలి: ఏ చోట, ఏమైంది, ఎవరు ఏం చేయాలి, ఈలోగా మనం ఏం చేశాం. "భవనం బాగోలేదు కనుక బాగుచేయవలెను" అని రాస్తే అది ఏ టేబులు మీదకీ వెళ్లదు. ఇలా రాయాలి:

"5వ తరగతి గది (మెట్ల పక్క రెండో గది) పైకప్పు పెచ్చులు ఊడి ఇనుప చువ్వలు కనిపిస్తున్నందున ఆ గదిలో తరగతులు నిలిపివేసి పిల్లలను వరండాలోకి మార్చడమైనది. జీవీఎంసీ ఇంజనీరింగ్ విభాగము వారు పరిశీలించి అంచనా తయారు చేయవలసిందిగా జోనల్ కమిషనర్ వారిని కోరుతూ, ప్రతిని మండల విద్యాశాఖాధికారి వారికి పంపుటకు తీర్మానించడమైనది. ప్రతిపాదించినవారు… బలపరిచినవారు… ఏకగ్రీవముగా ఆమోదించడమైనది."

భాష కాస్త పాతకాలంలా ఉన్నా ఆఫీసులో ఇదే నడుస్తుంది. ఉదాహరణకి పైకప్పే తీసుకోవడానికి కారణముంది. మన సముద్రపు గాలికి స్లాబులో చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి సిమెంటుని కిందకి నెట్టేస్తుంది. పెదజాలారిపేట నుంచి గంగవరం దాకా తీరం వెంబడి పాత భవనాలకి ఇదే జబ్బు. పైన సున్నం కొడితే ఓ వానాకాలం దాకా కనపడదు, అంతే. అందుకే తీర్మానంలో "రంగులు వేయవలెను" అని కాకుండా "ఇంజనీరు పరిశీలించవలెను" అని ఉండాలి. గది ఫొటోలు, తేదీ కనపడేలా తీసి జతచేయండి.

ఆ తర్వాత పని ఆ ఆఫీసులో కాగితాలు తీసుకునే తపాలా సెక్షన్‌లో. తీర్మానం నకలు, హెచ్‌ఎం కవరింగ్ లెటరు రెండు సెట్లు పట్టుకెళ్లండి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోండి. "మేడమ్ గారికి ఇచ్చేశాం" అన్న మాట లెక్కలోకి రాదు, ఇన్‌వర్డ్ నంబరే లెక్క. తర్వాతి మీటింగులో మొదటి అంశంగా "గత తీర్మానంపై తీసుకున్న చర్య" అని పెట్టించి, ఆ నంబరు వేసి, ఏమీ జరగకపోతే ఏమీ జరగలేదనే రాయించండి. అలా నాలుగు మీటింగులు వరుసగా రాసి ఉన్న పుస్తకాన్ని తనిఖీకొచ్చిన అధికారి ముందు పెడితే ఆయన అంత తేలిగ్గా పేజీ తిప్పలేరు.

టీచరు ఖాళీ విషయానికి ఇదే పద్ధతి, చిరునామా మాత్రం ఎంఈవో, డీఈవో. "టీచర్లు చాలట్లేదు" అనకుండా లెక్క వేసి అడగండి. చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు, 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు, 200 దాకా అయిదుగురు టీచర్లుండాలి. మీ బడి హాజరు పట్టీలో ఎంతమందో, పోస్టులెన్నో, ఖాళీలెన్నో రాసి, బదిలీలయ్యేదాకా వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద పక్క బడి నుంచి ఒకరిని పంపమని అడగండి. కొత్త పోస్టు తేవడం డీఈవో చేతిలో ఉండదు, సర్దుబాటు ఉంటుంది. ఇవ్వగలిగింది అడిగితే వచ్చే అవకాశం ఎక్కువ.

భోజనం సంగతి ఇంకా తేలిక. నగరంలో చాలా బడులకి అక్షయపాత్ర వంటశాల నుంచి వ్యాను వస్తుంది, మిగతా చోట్ల బడిలోనే వండుతారు. ఎక్కడ వండినా పిల్లలకి పెట్టేముందు టీచరుతో సహా ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు రుచి చూడాలి, రిజిస్టరులో రాయాలి, ఇది నిబంధన. బియ్యం ప్రాథమిక తరగతుల పిల్లకి 100 గ్రాములు, పై తరగతులకి 150 గ్రాములు. కమిటీలో తల్లులు వారానికొకరు చొప్పున వంతు వేసుకుని ఆ రిజిస్టరులో "పప్పు పలచగా ఉంది, గుడ్డు బాగుంది" అని ఉన్నదున్నట్టు రాస్తే, అరిచి చేసే గొడవకంటే అదే త్వరగా పనిచేస్తుంది. బాగున్న రోజు బాగుందని కూడా రాయండి, లేకపోతే కక్ష కట్టి రాస్తున్నారంటారు.

డబ్బు

బడికి ఏటా సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటు ఉంటుంది. పిల్లల సంఖ్యని బట్టి 30 మంది దాకా 10,000, 100 దాకా 25,000, 250 దాకా 50,000, 1,000 దాకా 75,000, అంతకు మించితే లక్ష రూపాయలు. ఇందులో కనీసం పదో వంతు శుభ్రతకి పెట్టాలి. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చిన్న రిపేర్లు, ఫినాయిలు అన్నీ ఇందులోంచే. వందమంది పిల్లలున్న బడికి 25,000 అంటే పిల్లకి ఏడాదికి 250 రూపాయలు, పండక్కి ఓ గౌను కూడా రాదు. అందుకే దీన్ని పట్టుకుని ఎవరో కోట్లు తినేస్తున్నట్టు మాట్లాడకండి, అలాగని లెక్క అడగడం మానకండి.

పాస్‌బుక్ చూపించమంటే సున్నా కనిపించవచ్చు, కంగారు పడొద్దు. 2021 తర్వాత ఈ డబ్బు బడి ఖాతాలో జమ కావడం లేదు, పైనున్న ఒకే ఖాతా నుంచి బడికి ఖర్చు పరిమితి ఇస్తారు, బిల్లు పెట్టినప్పుడు అక్కణ్నుంచి చెల్లింపు జరుగుతుంది. కాబట్టి అడగాల్సింది "ఖాతాలో ఎంతుంది" అని కాదు, "ఈ ఏడు లిమిట్ ఎంతిచ్చారు, ఎంత వాడాం" అని. ఆ తర్వాత క్యాష్‌బుక్, ఓచర్లు. ఓచరు మీద సరుకు, షాపు పేరు, తేదీ, మొత్తం ఉండాలి, ఆ ఖర్చుకి కమిటీ తీర్మానం ఉండాలి. ఈ రెండూ కలవకపోతే అడగండి. అడిగితే "మీకు లెక్కలు అర్థం కావమ్మా" అనేవాళ్లుంటారు. నెల నెలా చీటీ పాట లెక్క వేళ్ల మీద చెప్పే ఆడవాళ్లకి ఓ క్యాష్‌బుక్ అర్థం కాదా!

పిల్లల్ని చదివించే తల్లులకి ప్రభుత్వం డబ్బిచ్చే తల్లికి వందనం పథకంలో 15,000 రూపాయల్లో 2,000 బడి, మరుగుదొడ్ల నిర్వహణ పేరుతో మినహాయించి 13,000 తల్లుల ఖాతాల్లో వేశారు. ఆ మినహాయించిన డబ్బు లెక్కన మీ బడికి ఏమొచ్చిందో, ఆయమ్మ జీతం, శుభ్రం చేసే సామాను ఎక్కణ్నుంచి వస్తున్నాయో కమిటీలో అడగడానికి మీకు పూర్తి హక్కుంది. మీ ఇంటి డబ్బులోంచి పక్కకి తీసిందే కదా.

దాతల డబ్బు గురించి ఒక మాట. విశాఖలో రిఫైనరీ, పోర్టు, షిప్‌యార్డు, ఫార్మా కంపెనీలు చుట్టూ ఉన్నాయి, సామాజిక బాధ్యత నిధులు ఎక్కడో చోట ఖర్చు పెట్టాల్సినవాళ్లే. ఉత్త అర్జీ పట్టుకెళ్తే పక్కన పెడతారు. కమిటీ తీర్మానం, ఇంజనీరు వేసిన అంచనా, భవనం యజమాని (జీవీఎంసీయో జెడ్పీయో) అనుమతి కాగితం, యూడైస్ రిపోర్ట్ కార్డు ప్రింటు, ఈ నాలుగూ ఓ ఫైల్లో పెట్టి ఇస్తే కనీసం చదువుతారు. నగదు తీసుకోకండి, పనిగానో సామానుగానో ఇవ్వమనండి, వచ్చిన ప్రతి ఫ్యానూ స్టాకు రిజిస్టరులో ఎక్కించండి.

మూడేళ్ల ప్లాను

22వ సెక్షన్ ప్రకారం కమిటీ బడి అభివృద్ధి ప్రణాళిక రాయాలి, మూడేళ్లకి ఒకటి, అందులో ఏడాదికొకటి చొప్పున ఉప ప్రణాళికలు. కమిటీ ఏర్పడిన ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే తయారవ్వాలి, అంటే డిసెంబరు ఆఖరుకల్లా. చాలా బడుల్లో ఇది కిందటేడాది కాగితం మీద తేదీ మార్చి పంపేస్తారు, నాకు అన్నిటికంటే ఒళ్లుమండేది ఇక్కడే. గ్రాంటు ఏది అడగాలన్నా ఆధారం ఈ కాగితమే, ప్రభుత్వం ఇచ్చే నిధులకి ప్రాతిపదిక ఇదేనని చట్టమే చెప్తోంది. వచ్చే మూడేళ్లలో తరగతివారీగా ఎంతమంది పిల్లలొస్తారు, ఎన్ని గదులు, ఎంతమంది టీచర్లు, ఏ సామాను కావాలి, డబ్బెంత అన్నది రాయాలి. దీనికి అంగన్‌వాడీ టీచరుని కూర్చోబెట్టుకోండి, వచ్చే ఏడాది ఒకటో తరగతికి వచ్చే పిల్లల పేర్లు ఆవిడ దగ్గరే ఉంటాయి. ఆవిడ ఊరికే కమిటీ సభ్యురాలు కాలేదు.

కదలకపోతే

రెండు మీటింగులైనా చర్య లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లండి, జీవీఎంసీ సంగతయితే కార్పొరేషన్‌లో కూడా సోమవారం అర్జీలు తీసుకుంటారు. పొద్దున్నే వెళ్లాలి, మహారాణిపేటలో ఆ రోజు ఆటో దిగేసరికే వరుస ఉంటుంది. అర్జీలో ఇన్‌వర్డ్ నంబర్లూ తేదీలూ ముందు రాయండి, కథ తర్వాత. చైర్‌పర్సనే వెళ్లాలని లేదు, ఏ సభ్యురాలైనా, ఆ మాటకొస్తే ఏ తల్లయినా వెళ్లొచ్చు.

పిల్లల హక్కులకి సంబంధించిన ఫిర్యాదయితే, అంటే అడ్మిషన్ ఇవ్వకపోవడం, కొట్టడం లాంటివి, 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకి రాతపూర్వకంగా ఇవ్వొచ్చు, మూడు నెలల్లో తేల్చాలి, తేల్చింది నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి అప్పీలు. కొట్టడం విషయంలో మూడు నెలలు ఆగక్కర్లేదు, అదే రోజు ఎంఈవోకి కాగితం ఇవ్వండి.

లెక్కలు చూపించనంటే సమాచార హక్కు. మండల స్థాయి ఆఫీసుకి రుసుము 5 రూపాయలు, ఆపై ఆఫీసులకి 10 రూపాయలు, తెల్లకార్డు ఉంటే ఏమీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. "బడి లెక్కలు ఇవ్వండి" అని కాకుండా "ఫలానా ఆర్థిక సంవత్సరానికి కాంపోజిట్ గ్రాంటు పరిమితి మంజూరు ఉత్తర్వు నకలు, క్యాష్‌బుక్ పేజీల నకళ్లు, తీర్మానాల పుస్తకం నకలు" అని విడివిడిగా అడగండి. దరఖాస్తు ఇచ్చిన మర్నాడే "ఎందుకమ్మా ఇదంతా, వచ్చి కూర్చోండి చూపిస్తాం" అని ఫోను రావచ్చు. వెళ్లి చూసుకోండి, నకళ్లు కూడా తీసుకోండి, దరఖాస్తు మాత్రం వెనక్కి తీసుకోకండి.